పోచమ్మ దగ్గర ఐదు కమాన్లు

6 జూలై 1986, ఆదివారం

మధ్యాహ్నం గ్రాంట్ రోడ్డు స్టేషన్ దగ్గర నల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎక్కాడు. దాదర్ పోవాలన్నాడు. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. లాల్‌బాగ్ దాటాక ముందు చక్రం గోతిలో పడింది. మాట ఆగిపోయింది. అద్దంలో చూస్తే వెనక సీట్లో కోటు ఉంది, తల లేదు. టాక్సీ కప్పు గుడ్డ ఊడి ఆయన మెడ దాకా దిగింది.

బండి ఆపి గుడ్డ పైకెత్తాను. ఆయన కోప్పడలేదు. "నీ టాక్సీలో దోమతెర కూడా ఇస్తావా?" అని హిందీలో అడిగాడు. దుమ్ముకు కోటు మొత్తం తెల్లగా అయింది.

బండి 1966 ఫియట్. గుడ్డా అప్పటిదే. పందొమ్మిదేళ్లు సేఠ్ బళ్లు నడిపి, ఈ మార్చిలో ఇది నా పేరు మీదికి రాయించుకున్నాను. ఈ నెల 29న ఆర్‌టీఓలో పాసింగ్, అంటే బండి తనిఖీ. నా పేరు మీద ఇదే మొదటిది. పోయినేడు ఇన్‌స్పెక్టర్ కాగితం మీద రాసిపెట్టాడు, కప్పు గుడ్డ మార్చాలని. మార్చకపోతే పాస్ చేయడు. పాస్ కాకపోతే బండి రోడ్డెక్కదు, నేను మళ్లీ సేఠ్ గుమ్మం ఎక్కాలి.

ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. చాలా టైముంది.

8 జూలై

గుడ్డకు పన్నెండు పిన్నీసులు పెట్టాను. గట్టిగా నిలబడింది. మార్చనక్కర్లేదేమో.

9 జూలై

ఒక పిన్నీసు ఊడి ప్యాసింజరు తలలో గుచ్చుకుంది. మార్చాలి.

12 జూలై, శనివారం

నాగ్‌పాడాలో లస్మయ్య దుకాణానికి బండి తీసుకుపోయాను. కార్ల సీట్లు, కప్పు గుడ్డలు కుట్టడం అతని పని. మా గల్లీ మనిషే, నాకంటే నాలుగేళ్లు చిన్న. వెనక సీట్లో వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. వేలితో పొడిచాడు. వేలు దూరిపోయింది.

"ఇది గుడ్డ కాదు భూమన్నా, పాపడ్. ఈ పిన్నీసులు పెట్టినోడెవడు?"

"ఎవరో."

"వానికి ఇనాం ఇయ్యాలె. బండి మెడల పుస్తెలతాడు చేసి పెట్టిండు."

దుకాణంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ గుడ్డ అంటించేది కాదు, వేలాడేది. కప్పు కింద అడ్డంగా ఐదు ఇనుప కమాన్లు ఉంటాయి. గుడ్డ పైవైపు ఐదు సన్నని గొట్టాల్లా కుడతారు. ఒక్కో గొట్టంలో ఒక్కో కమాను దూర్చి, దాని కొనలు కప్పు అంచుల్లో ఉన్న బొక్కల్లో నిలబెడతారు. కమాను పైకి తన్నుతుంది, గుడ్డ బిగుసుకుంటుంది. ఐదూ ఐదు కొలతలు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

"గుడ్డ ఎంతైనా దొరుకుతది. కమాన్లు దొరకయ్," అన్నాడు లస్మయ్య. "ఈ మోడల్‌వి పూరా బొంబాయిల లెవ్వు. పోయినయంటే బండిల తులసి చెట్టు పెట్టుకో."

15 జూలై

పాత గుడ్డ దింపారు. ముందు అద్దం, వెనక అద్దం తీస్తే గానీ గుడ్డ అంచు రాదట. తీశారు. గుడ్డకూ రేకుకూ మధ్య దుమ్ము, బొద్దింకల గుడ్లు, ఒక ట్రాము టికెట్ దొరికాయి. ఈ బండి పుట్టేనాటికే బొంబాయిలో ట్రాములు లేవు. టికెట్ అక్కడికి ఎలా చేరిందో ఎవరూ చెప్పలేకపోయారు.

కొత్త గుడ్డ మీగడ రంగు రెక్సిన్, సన్న సన్న బొక్కలున్నది. కుట్టడానికి పది రోజులు పడుతుంది, అతని చేతిలో ఇంకో మూడు బళ్లున్నాయి. కమాన్ల మీద ఎర్ర పెయింటుతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసి, తాడుతో కట్టి నా చేతికిచ్చాడు. దుకాణంలో పెడితే పాత ఇనుపోళ్లు ఎత్తుకుపోతారట.

మేముండే మూడంతస్తుల చాల్‌లో మా గది ముందు గ్యాలరీలో, నీళ్ల పీపా వెనక నిలబెట్టాను. ఎవరి కంటా పడవు.

17 జూలై

వాన. బండి అద్దాలు లేకుండా టార్పాలిన్ కప్పుకుని నాగ్‌పాడాలో ఉంది. నేను ఇంట్లో ఉన్నాను. పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో నా భార్య గంగాబాయికి చెప్పాను.

"బండి లేదని ఇల్లు నడుపుతున్నవా? ఇంటికి డ్రైవరున్నది. జర బయటికి పో."

మున్సిపల్ బడిలో ఆయాగా పద్నాలుగేళ్ల నుంచి పనిచేస్తోంది. పిల్లలతో మాట్లాడినట్టే అందరితో మాట్లాడుతుంది.

20 జూలై, ఆదివారం

వచ్చే ఆదివారం బోనాలు. చాల్‌లో పోచమ్మ పనులన్నీ వజ్రమ్మత్త చేతి మీద నడుస్తాయి. డెబ్బై ఏళ్లుంటాయి. చాల్ తరఫున ఏటా అమ్మవారికి తొట్టెల కడతారు. పుల్లల చట్రం గోపురంలా కట్టి, రంగు కాగితాలు అంటించి, ఊరేగింపుగా మోసుకుపోయి గుడిలో వేలాడదీస్తారు. పోయినేడు మాది దారిలోనే వానకు నడుము వంచింది. పక్క గల్లీవాళ్లు ఏడాది నుంచి నవ్వుతున్నారు. ఈసారి గట్టిది కట్టాలని వజ్రమ్మత్త గది గదికీ తిరుగుతోంది.

గ్యాలరీలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే వచ్చి ఏదో అడిగింది. మూతి నిండా సబ్బు. తలూపాను.

ఇంకేం విశేషాలు లేవు.

24 జూలై, గురువారం

గుడ్డ కుట్టడం అయిందని లస్మయ్య కబురు పంపాడు. రేపు పొద్దున కమాన్లు తెమ్మన్నాడు. పీపా వెనక చూశాను. తాడు ఉంది. కమాన్లు లేవు.

గంగాబాయిని అడిగాను. తనకు తెలియదంది. తెలియకపోవడం ఏమిటి? పీపా దగ్గర ఊడ్చేది ఆమె. పనికిరానివి తీసిపారేసేదీ ఆమె. పోయిన దీపావళికి నా పాత చెప్పులు పారేసింది. ఇదే మాట గ్యాలరీలో నిలబడి కొంచెం గట్టిగా అన్నాను. రెండు అంతస్తులవాళ్లు విన్నారు.

గంగాబాయి సాయంత్రం చాయ్ ఇవ్వలేదు.

ఐదు రోజులున్నాయి.

25 జూలై, శుక్రవారం

కమాన్లు దొరికాయి.

కింద వాకిట్లో, పోచమ్మ రాయి ముందు తొట్టెల నిలబెట్టారు. ఎత్తు రెండు నిలువులు. ఎరుపు, పచ్చ, గులాబీ కాగితాలు. ఐదు అంతస్తులు, ఒక్కో అంతస్తుకు ఒక వంపు. అంత సమంగా వంగిన తొట్టెల మా చాల్‌లో ఎన్నడూ చూడలేదు. కాగితం చిరిగిన చోట ఎర్ర పెయింటుతో వేసిన నాలుగు అంకె కనిపించింది.

"అత్తా, ఇవి నా బండివి."

"ఎరుకే," అంది వజ్రమ్మత్త. "మస్తున్నయి బిడ్డా. అమ్మ నిన్ను సల్లగ చూస్తది."

"మంగళవారం పాసింగ్ ఉంది. మళ్లీ కావాలి."

"పొద్దుగాల్నే పసుపు పెట్టినం, టెంకాయ కొట్టినం. ఇగ అవి అమ్మ సొమ్ము. వచ్చేయేటి దాకా గుళ్లెనే ఉంటయి."

"గంగాబాయి ఇచ్చిందా నీకు?"

ఆమె నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీకు యాదికి లేదా?"

"లేదు," అన్నాను.

లస్మయ్యను పిలుచుకొచ్చాను. తిడతాడనుకున్నాను. తొట్టెల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టేపు తీసి కొలిచాడు.

"మూడు నంబరు ఉల్టా పెట్టిన్రు," అన్నాడు వజ్రమ్మత్తతో. "సూడు, ఎడమ దిక్కు గుంజుతున్నది."

"నువ్వొచ్చి కట్టకపోయినవ్?"

"పిలిస్తే రాకపోదునా?"

అక్కడే ఇద్దరూ కలిసి దాన్ని సరిచేశారు. నేను నిలబడి చూశాను.

తరవాత లస్మయ్య ఇంకో దారి చూశాడు. కింది గదిలో పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఎనిమిది మంది ఉంటారు. వాళ్ల మేస్త్రీ మొగులయ్య. బైకలాలో బిల్డింగుకు వెదురు పరంజీ కడుతున్నారు. అతను ఐదు సన్నటి ఇనుప సలాకలు తెచ్చిచ్చాడు. నాగ్‌పాడాలో వంచి, ఒకటి కప్పుకు పెట్టి చూశారు. గుడ్డ బరువుకే మెత్తబడి కిందికి దిగింది.

"సలాకను వంచితే వంగినట్టే ఉంటది," అన్నాడు లస్మయ్య. "కమానైతే మళ్ల లేస్తది. దాని జాతే వేరు."

నాలుగు రోజులు.

ఒక విషయం. వజ్రమ్మత్త నన్ను ఎందుకంత సేపు చూసిందో అర్థం కాలేదు.

25 జూలై, సాయంత్రం

అర్థమయింది. పొద్దున ఆమె అడిగినప్పుడే అయింది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

ఆదివారం నేను గడ్డం గీసుకుంటుంటే వజ్రమ్మత్త పీపా వెనకనుంచి కమాన్లు తీసి నా ముందు పెట్టి, "భూమయ్యా, గీ కమ్ములు అమ్మకు ఇస్తవా?" అని అడిగింది. నేను విన్నాను. సగం విన్నాను. అప్పుడు దవడ కింద కత్తి ఉంది. మాట్లాడితే తెగుతుంది. ఏవో కమ్ములు అనుకున్నాను, తలూపాను. పీపా వెనక ఉండే కమ్ములు ఇంకెవరివి?

గంగాబాయి మీద అరిచేటప్పుడు ఇది గుర్తుందా అంటే, లేదు. కొంచెం ఉంది.

26 జూలై, శనివారం

పొద్దున మొగులయ్య తలుపు కొట్టాడు. పనికి పోలేదు, వాన.

"మామా, అమ్మ అడిగింది కమాన్లనా, తొట్టెలనా?"

"తొట్టెల."

"మరి తొట్టెల ఇద్దాం. వెదుర్లు నా తాన ఉన్నయి. ఏడంతస్తుల పరంజీ కట్టెటోళ్లం, రెండు నిలువుల తొట్టెల కట్టలేమా?"

ఇద్దరం వజ్రమ్మత్త దగ్గరికి పోయాం. ఆమె రోట్లో పసుపు దంచుతోంది. దంచడం ఆపకుండానే విన్నది.

"అమ్మకిచ్చింది గుంజుకోవద్దు. బదలాయించుకోవచ్చు. మా అత్త కాలంల ఒకామె ముక్కుపుడక గట్లనే బదలాయించుకున్నది. కని రెండు మాటలు. ఒకటి, కొత్తది దీనికన్న మూరెడు ఎక్కువుండాలె. తక్కువది పెట్టి ఎక్కువది తీసుకుంటే అది బదలాయింపు గాదు, దొంగతనం."

"ఉంటది," అన్నాడు మొగులయ్య.

"రెండోది, ఇచ్చినోడే అడగాలె. అమ్మ ముందట, అందరు ఇనంగ. ఎవలిచ్చిన్రో వాళ్లే."

దంచడం ఆపింది. "ఎవలిచ్చిన్రు భూమయ్యా?"

మొగులయ్య కూడా నావైపు చూశాడు. సాయంత్రం చెప్తానన్నాను.

పొద్దంతా వాకిట్లో పని. మొగులయ్య, అతని మనుషులు వెదురు చీల్చారు. బద్దలు నీళ్లలో నానబెట్టి, పొయ్యి సెగకు చూపిస్తూ వంచారు. పరంజీకి కట్టే ముడులే కట్టారు. ఆడవాళ్లు మైదా ఉడికించి కాగితాలు అంటించారు. గంగాబాయి కూడా ఉంది. నేను కాగితం అందిస్తే తీసుకుంది. నా వైపు చూడలేదు. లస్మయ్య దుకాణం మూసి వచ్చి, ప్రతి వంపునూ టేపుతో కొలిచాడు. కార్లకు కూడా ఇంత కొలవడు.

ఐదు గంటలకు అయింది. పాతదాని కంటే మూరెడున్నర ఎక్కువ.

వజ్రమ్మత్త పోచమ్మ ముందు దీపం పెట్టి నన్ను పిలిచింది. మూడు అంతస్తుల గ్యాలరీల నిండా జనం. పందొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ట్రాఫిక్ పోలీసులకు జవాబు చెప్పినవాణ్ణి. దీపం వైపు తిరిగాను.

"నేనే ఇచ్చిన," అన్నాను.

"ఇనబడలె," అన్నారు మూడో అంతస్తు నుంచి.

"నేనే ఇచ్చిన! గడ్డం గీసుకుంటూ తలూపిన. గంగాబాయికి ఏం తెల్వదు. ఆమెను ఉత్తగనే అన్న."

అప్పుడు గంగాబాయి చేతికంటిన మైదా కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"అమ్మా పోచమ్మా, ఇన్నవు గద. చెప్పుల సంగతి గూడ అడుగు. గవి పారేసింది నేనే. వాసన."

మూడు అంతస్తులూ నవ్వాయి. వజ్రమ్మత్త అందరికంటే గట్టిగా నవ్వింది.

రాత్రి గంగాబాయి అన్నంతో పాటు చాయ్ కూడా ఇచ్చింది. రెండూ ఒకేసారి ఎందుకని అడగలేదు.

27 జూలై, ఆదివారం, బోనాలు

పొద్దున ఏడింటికి బదలాయింపు జరిగింది. కొత్త తొట్టెలకు పసుపు పెట్టి నిలబెట్టాక, పాతదాన్ని విప్పి ఐదు కమాన్లూ పళ్లెం మీద అడ్డంగా పెట్టి నా చేతికిచ్చారు.

"పసుపు కడగొద్దు," అంది వజ్రమ్మత్త. "ఎట్లున్నయో గట్లనే పెట్టు."

లస్మయ్య ఒకసారి వాటివైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. మీగడ రంగు గుడ్డ గుర్తొచ్చినట్టుంది.

తొట్టెల కింది వెదురు నా భుజం మీద, పైది మొగులయ్య చేతుల్లో. గంగాబాయి నెత్తిన బోనం. ఫోరస్ రోడ్డు దాకా డప్పులు ఆగలేదు. పక్క గల్లీ దగ్గర వాన దంచింది. కాగితం తడిసింది, రంగు కారి నా చొక్కా గులాబీ అయింది. చట్రం వంగలేదు. పక్క గల్లీవాళ్లు చూశారు. నవ్వలేదు. ఇది కట్టిన మేస్త్రీ ఎవరని మొగులయ్యను అడిగారు.

రెండు గంటలకు లస్మయ్య నుదుటి బొట్టుతోనే పని మొదలుపెట్టాడు. వెనకనుంచి ముందుకు, ఐదు, నాలుగు, మూడు. ఒక్కో కమాను కొన బొక్కలో పడ్డప్పుడు టక్‌మని చప్పుడు. పది చప్పుళ్లు లెక్కపెట్టాను.

28 జూలై, సోమవారం

గుడ్డ మీద ముడతలు. ఎండలో పెడితే అవే పోతాయట. ఎండ లేదు. లస్మయ్య బొగ్గుల సిగ్రీ వెలిగించి, చాయ్ కెటిల్ పెట్టి, దాని ముక్కు నుంచి వచ్చే ఆవిరిని ముడతల కిందికి చూపిస్తూ, చేత్తో లాగుతూ అంచులు బిగించాడు. మూడు గంటలు. నేను కెటిల్‌లో నీళ్లు పోశాను. ఒకసారి పొరపాటున అందులో చక్కెర, చాయ్‌పత్తి కూడా వేశాడు. అది తాగాం.

అద్దాలు సాయంత్రం ఆరింటికి బిగించారు.

ఆవిరికి పసుపు కరిగి గుడ్డ బొక్కల్లోంచి కిందికి దిగింది. ఐదు గీతలు. లేత పసుపు. పెద్దగా కనిపించవు.

కనిపిస్తాయి.

29 జూలై, మంగళవారం

ఎనిమిదింటికి లైన్లో పెట్టాను. పదకొండింటికి నా వంతు. ఇన్‌స్పెక్టర్ కొత్తవాడు, మరాఠీ ఆయన. బ్రేకు, హారన్, దీపాలు, మీటరు చూశాడు. పోయినేటి కాగితం చదివాడు. వెనక తలుపు తీసి కూర్చుని, తల పైకెత్తాడు.

"కొత్త గుడ్డా?"

"అవును సాబ్. మొన్ననే."

"మొన్ననే వేస్తే ఈ మరకలేంటి? కప్పు లీకవుతోంది. లీకైతే పాస్ కాదు."

"లీకు కాదు సాబ్, పసుపు."

"కప్పులోకి పసుపు ఎలా వచ్చింది?"

ఏదైనా చెప్పొచ్చు. రంగు అనొచ్చు, గుడ్డే అలాంటిదనొచ్చు. పొరపాటు నాదేనని మొదలుపెట్టి, గడ్డం గీసుకోవడం దగ్గర నుంచి చెప్పాను. తొట్టెల దాకా వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపాడు. బయట ఉన్న ప్యూనును పిలిచాడు.

"రెండు బకెట్లు నీళ్లు. కప్పు మీద పొయ్యి."

ఆయన లోపలే కూర్చున్నాడు. అరచెయ్యి మూడో గీత మీద పెట్టాడు. మొదటి బకెట్ పడింది. రెండోదీ పడింది. అద్దాల మీదినుంచి నీళ్లు జారిపోయాయి. ఆయన చెయ్యి తీయలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ చూశాను. ఐదు నిమిషాలు. లైన్లో వెనక టాక్సీవాళ్లు హారన్లు కొట్టారు.

చెయ్యి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. వేళ్లకు కొంచెం పసుపు అంటింది. రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టబోయి, ఆగి, తుడుచుకోకుండానే పెన్ను తీశాడు.

కాగితం మీద సంతకం పక్కన పసుపు వేలిముద్ర పడింది. ఇప్పుడు నా ముందే ఉంది.

గేటు బయట గంగాబాయి నిలబడి ఉంది. బడికి పోయిందనుకున్నాను. గొడుగు ఉంది, అయినా తడిసింది. ఎంతసేపయిందో చెప్పలేదు. నేను కాగితం చూపించలేదు, ఆమె అడగలేదు. బండి బయటికి రావడం చూసింది కదా.

ముందు తలుపు తీశాను. ఆమె వెనక తలుపు తీసుకుని ఎక్కింది. సీటు మధ్యలో సర్దుకుని కూర్చుంది. తల ఎత్తి ఐదు గీతలూ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"ఎక్కడికి పోవాలె?" అన్నాను.

"దాదర్."

"దాదర్‌ల ఏమున్నది?"

"ఏం లేదు. ఊకెనే. పోవా?"

"పోత."

"మరి మీటర్ వెయ్యి," అంది.

వేశాను.